ఆఖరి చోటు ఎవరికి: 0.342 కొట్టిన షార్ట్‌స్టాప్‌కా, 0.276తో ఎప్పుడూ బేస్ మీదే ఉండే లెఫ్ట్ ఫీల్డర్‌కా?

గుంటూరు_డగౌట్ (ప్రశ్న)

ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్‌లు అయిపోయాయి. యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టు జాబితాలో ఒక్క చోటు మిగిలింది, దానికి ఇద్దరు కుర్రాళ్లు పోటీలో ఉన్నారు. పేర్లు వద్దు, ఎ, బి అనుకుందాం. ఇద్దరూ సరిగ్గా 40 సార్లు ప్లేట్ దగ్గరికి (బ్యాటింగ్‌కి) వచ్చారు.

ఎ: షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య కాసేవాడు). అట్ బ్యాట్స్ (వాక్, బంతి తగలడం, శాక్రిఫైస్ తీసేసిన అవకాశాలు) 38, హిట్లు 13 (ఒక బేస్ తెచ్చే సింగిల్స్ 10, రెండు బేస్‌ల డబుల్స్ 3), వాక్ (నాలుగు చెడ్డ బంతులకి దొరికే ఫస్ట్ బేస్) 1, శాక్రిఫైస్ ఫ్లై (తను క్యాచ్ అవుటై రన్నర్‌ని ఇంటికి చేర్చడం) 1. యావరేజ్ (హిట్లని అట్ బ్యాట్స్‌తో భాగిస్తే వచ్చేది) 0.342. ఆర్‌బీఐ (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు) 14. నాలుగో నంబర్లో ఆడాడు.

బి: లెఫ్ట్ ఫీల్డ్. అట్ బ్యాట్స్ 29, హిట్లు 8 (సింగిల్స్ 5, డబుల్స్ 2, హోమ్ రన్ 1), వాక్‌లు 9, బంతి తగిలి బేస్‌కి వెళ్లింది 2 సార్లు. యావరేజ్ 0.276. ఆర్‌బీఐ 5. ఎనిమిదో నంబర్.

కమిటీలో సీనియర్ పీడీ సార్లు యావరేజ్, ఆర్‌బీఐ చూస్తే తేలిపోయిందిగా, ఎ అంటున్నారు. కుర్ర కోచ్‌లు ఓపీఎస్ (బేస్ చేరడం, గట్టిగా కొట్టడం కలిపిన కొలత) తీశారు, బి అంటున్నారు. ఒకాయన 'వార్' (ఆటగాడు జట్టుకి ఎన్ని గెలుపులు అదనంగా తెస్తాడన్న అంచనా) లెక్కేద్దాం అన్నాడు. మన స్కోర్‌బుక్‌తో వార్ వస్తుందా? పిచర్లకి ఈఆర్‌ఏ (ఫీల్డర్ తప్పులు, అంటే ఎర్రర్లు, వదిలేసి తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగులు) ఒక్కటీ చాలా? తెలిసినవాళ్లు లెక్కతో సహా చెప్పండి, మీటింగ్‌లో చూపించాలి.

బెజవాడ_స్కోర్‌బుక్

డగౌట్ గారూ, ముందు యావరేజ్ సంగతి. వాక్ వచ్చినా, బంతి తగిలినా ఆ అవకాశాన్ని యావరేజ్ లెక్కలోంచే తీసేస్తుంది. బి 40 సార్లు వస్తే అందులో 11 సార్లు అసలు జరగనట్టే చూస్తుంది. తొమ్మిది ఇన్నింగ్స్‌కి జట్టు చేతిలో ఉండేవి 27 అవుట్లు. అవి అయిపోతే ఆట అయిపోయింది. అందుకని మొదటి ప్రశ్న 'ఎన్ని కొట్టాడు' కాదు, 'ఎన్ని అవుట్లు ఖర్చుపెట్టాడు' అన్నది.

ఆన్ బేస్ పర్సంటేజ్ ఇలా తీయాలి: హిట్లు, వాక్‌లు, బంతి తగిలినవి కలిపి పైన, అట్ బ్యాట్స్, వాక్‌లు, బంతి తగిలినవి, శాక్రిఫైస్ ఫ్లైలు కలిపి కింద. ఎ: 14/40 = 0.350. బి: 19/40 = 0.475. అంటే ఎ 26 అవుట్లు, బి 21 అవుట్లు. అయిదు అవుట్లంటే దాదాపు ఇంకో రెండు ఇన్నింగ్స్ బ్యాటింగ్.

స్లగ్గింగ్: సింగిల్‌కి 1, డబుల్‌కి 2, ట్రిపుల్‌కి 3, హోమ్ రన్‌కి 4 వేసి అట్ బ్యాట్స్‌తో భాగించండి. ఎ: 16/38 = 0.421. బి: 13/29 = 0.448. రెండూ కూడితే ఓపీఎస్: ఎ 0.771, బి 0.923.

ఓపీఎస్‌కి ఒక లోపం ఉంది. ఆన్ బేస్‌లో ఒక పాయింటు, స్లగ్గింగ్‌లో ఒక పాయింటు సమానం అనుకుంటుంది. పరుగుల లెక్కలో ఆన్ బేస్ పాయింటే బరువు. అందుకే వోబా వచ్చింది, బేస్ చేరిన ఒక్కో తీరుకీ దాని పరుగుల విలువని బట్టి బరువు వేసే లెక్క. దాని బరువులు ఏటా కొద్దిగా మారతాయి, సుమారుగా వాక్‌కి 0.69, బంతి తగిలితే 0.72, సింగిల్‌కి 0.88, డబుల్‌కి 1.25, హోమ్ రన్‌కి 2.0. ఎ: 13.24/40 = 0.331. బి: 16.55/40 = 0.414.

ఆర్‌బీఐని పక్కన పెట్టండి. నాలుగో నంబర్ వాడి ముందు ముగ్గురు మంచి బ్యాటర్లు బేస్ మీద ఉంటారు, ఎనిమిదో నంబర్ వాడి ముందు ఎవరుంటారు? చూడాలనే ఉంటే, వాళ్లు ప్లేట్ దగ్గరికి వచ్చినప్పుడు బేస్‌ల మీద మొత్తం ఎంతమంది ఉన్నారో స్కోర్‌బుక్‌లోంచి లెక్కపెట్టి, వాళ్లలో ఎంతమందిని ఇంటికి చేర్చారో చూడండి. హోమ్ రన్‌లో బ్యాటర్ తన పరుగు తను చేసుకున్నది తీసేయాలి.

ఇక అసలు విషయం. 40 అవకాశాలు చాలా తక్కువ. యావరేజ్‌లో ఈ ఇద్దరికీ తేడా 0.066. ఇంత చిన్న లెక్కలో కేవలం అదృష్టం వల్లే 0.115 దాకా తేడా రావడం మామూలే. రెండు బంతులు ఫీల్డర్ పక్కనుంచి పోయాయా, చేతిలో పడ్డాయా అన్నదే అది. కాబట్టి ఎ మెరుగైన హిట్టర్ అని ఈ యావరేజ్ చెప్పడం లేదు. వాక్‌లు వేరు. 40లో 1, 40లో 9. ఇక్కడ అదృష్టం వల్ల వచ్చే తేడా 0.074 చుట్టూ ఉంటుంది, మనకి కనబడుతున్నది 0.200. ఇది గట్టి తేడా. అమెరికా మేజర్ లీగ్‌లో కూడా స్ట్రైకవుట్ల (మూడు స్ట్రైకులకి అవుటవడం) రేటు 60 అవకాశాలకీ, వాక్‌ల రేటు 120కీ నిలదొక్కుకుంటాయి, యావరేజ్ నిలదొక్కుకోవడానికి సుమారు 900 అట్ బ్యాట్స్ కావాలి.

నల్లరేగడి_ఇన్‌ఫీల్డ్

స్కోర్‌బుక్ గారి కూడికలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ బరువులన్నీ మేజర్ లీగ్ మైదానాల్లో, మేజర్ లీగ్ పిచర్ల మీద తీసినవి. మన గ్రౌండ్‌కి తెచ్చేటప్పుడు మూడు చోట్ల తేడా కొడుతుంది.

ఒకటి, కంచె. మన దగ్గర చాలా గ్రౌండ్లకి అవుట్‌ఫీల్డ్ ఫెన్స్ లేదు. ఫుట్‌బాల్, క్రికెట్ ఆడే ఖాళీ స్థలంలోనే డైమండ్ గీస్తారు. బంతి అవుట్‌ఫీల్డర్ని దాటిందంటే ఆగేదాకా దొర్లుతుంది. బి కొట్టిన హోమ్ రన్ అలాంటిదే అయితే అది సగం బ్యాటర్ది, సగం తప్పుగా నిలబడ్డ ఫీల్డర్ది. దాన్ని డబుల్‌గా వేసి చూడండి: స్లగ్గింగ్ 11/29 = 0.379, ఓపీఎస్ 0.854, వోబా 0.395. ఇంకా ఎ కన్నా పైనే ఉన్నాడు. ఉన్నాడు గానీ, ఒక్క బంతికి ఓపీఎస్ దాదాపు 0.070 పడిపోయింది. అంత చిన్న లెక్క మన చేతిలో ఉన్నది.

రెండు, ఎర్రర్లు. గుంటూరు వైపు నల్లరేగడి ఎండితే బీటలు తీస్తుంది, షార్ట్‌స్టాప్ ముందు బంతి ఎటు లేస్తుందో బంతికే తెలియదు. హిట్టా, ఎర్రరా అన్నది స్కోరర్ దయ. నేలమీద వచ్చే ఒకే బంతిని (గ్రౌండర్‌ని) ఒక స్కోరర్ హిట్ రాస్తాడు, ఇంకొకడు ఎర్రర్ రాస్తాడు, దాంతో బ్యాటర్ యావరేజూ పిచర్ ఈఆర్‌ఏ రెండూ మారిపోతాయి. మన స్థాయిలో 'ఎర్రర్ మీద చేరినవి' అని ఒక కాలమ్ విడిగా పెట్టి, ఆన్ బేస్ రెండు రకాలుగా తీయాలి: ఎర్రర్లు లేకుండా ఒకటి, కలిపి ఒకటి. బంతిని నేలమీద గట్టిగా కొట్టి వేగంగా పరిగెత్తేవాడు ఎర్రర్లు పుట్టిస్తాడు, అందులో అతని పనితనం ఉంది. వాక్‌ల కోసం నిలబడేవాడు పుట్టించలేడు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఆ తొమ్మిది వాక్‌లు ఎవరిచ్చారు? మన కాలేజీ జట్లలో సగం మంది పిచర్లు స్ట్రైక్ జోన్‌లో (బ్యాటర్ కొట్టగల హద్దులో) వరసగా మూడు బంతులు వేయలేరు. వాళ్ల ముందు బ్యాట్ భుజం మీద పెట్టుకుని నిలబడితే చాలు, బేస్ దొరుకుతుంది. ఇంటర్ వర్సిటీకి వెళ్తే ఎదురుగా జోన్‌లో వేసేవాళ్లుంటారు. డగౌట్ గారూ, పిచర్లని రెండు గుంపులు చేయండి: తను ఎదుర్కొన్న బ్యాటర్లలో పదిశాతానికి లోపు వాక్‌లు ఇచ్చినవాళ్లు ఒక గుంపు, మిగతావాళ్లు ఇంకో గుంపు. మంచి గుంపు మీద ఇద్దరూ ఏం చేశారో చెప్పండి. అది చూడకుండా ఓపీఎస్ మీద చోటు ఇవ్వడం అన్యాయం.

మంగళగిరి_మిట్

వార్ గురించి, పిచర్ల గురించి చెప్తాను.

వార్ అంటే ఒక కొలత కాదు, కొన్ని అంచనాల మొత్తం. బ్యాటింగ్ పరుగులు, బేస్ రన్నింగ్ పరుగులు, ఫీల్డింగ్ పరుగులు, ఆడే స్థానానికి సర్దుబాటు, దానిపైన 'అతను లేకపోతే తేలిగ్గా దొరికే ఆటగాడు' ఎంత చేస్తాడో ఆ తేడా. మొత్తాన్ని సుమారు పది పరుగులకి ఒక గెలుపు చొప్పున మారుస్తారు. అలా తేలిగ్గా దొరికే ఆటగాళ్లతోనే నిండిన జట్టు 0.294 వంతు మ్యాచ్‌లు, అంటే 162లో 48 దాకా గెలుస్తుందని 2013లో బేస్‌బాల్ రిఫరెన్స్, ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే లెక్కల వెబ్‌సైట్లు రెండూ ఒకే గీత గీసుకున్నాయి. అలా గీసుకున్నాక కూడా ఒకే పిచర్‌కి రెండు చోట్లా వేర్వేరు వార్ వస్తుంది. ఎందుకంటే మొదటిది ఇచ్చిన పరుగుల మీద కడుతుంది, రెండోది స్ట్రైకవుట్లు, వాక్‌లు, హోమ్ రన్ల మీద కడుతుంది. ఫీల్డింగ్ భాగం ఇంకా వణుకుతుంది, మూడేళ్ల లెక్క ఉంటే గానీ దాన్ని నమ్మొద్దంటారు. అంత సమాచారం ఉన్నచోటే అలా ఉంటే, పది మ్యాచ్‌ల స్కోర్‌బుక్‌తో వార్ కట్టి దశాంశాలు చూపిస్తే కమిటీని తప్పుదారి పట్టించినట్టే. చేయకండి.

ఇంత లోపముంటే వార్ దేనికి అని సీనియర్ సార్లు అడుగుతారు. 2012లో అమెరికన్ లీగ్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడి బహుమతి) గొడవ చూపించండి. మిగెల్ కబ్రేరా 0.330, 44 హోమ్ రన్లు, 139 ఆర్‌బీఐ. 1967లో కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ తర్వాత మొదటి ట్రిపుల్ క్రౌన్ (యావరేజ్, హోమ్ రన్లు, ఆర్‌బీఐ మూడింట్లోనూ లీగ్‌లో మొదటి స్థానం). మైక్ ట్రౌట్ 0.326, 30 హోమ్ రన్లు, 49 స్టోలెన్ బేస్‌లు (హిట్ లేకుండానే పరిగెత్తి సాధించిన బేస్‌లు), పైగా సెంటర్ ఫీల్డ్ అద్భుతంగా కాశాడు. వార్‌లో ట్రౌట్ చాలా ముందున్నాడు. 28 మొదటి స్థానం ఓట్లలో 22 కబ్రేరాకి పడ్డాయి. ట్రిపుల్ క్రౌన్‌లో ఉన్న మూడు అంకెల్లో ఒక్కదాంట్లోనూ పరుగెత్తడం, పట్టడం లేవు. ఆ రెండిటికీ విలువ కట్టాలని పట్టుబట్టడమే వార్ చేసిన మేలు. 2022 ఒప్పందం నుంచి కొత్త ఆటగాళ్లకి పంచే ఐదు కోట్ల డాలర్ల బోనస్‌లో కూడా వార్ ఒక కొలత అయిపోయింది.

పిచర్ గెలుపుల లెక్క ఎలా పడిపోయిందో కూడా చెప్పండి. 2010లో ఫెలిక్స్ హెర్నాండెజ్ 13 గెలుపులు, 12 ఓటములతో సై యంగ్ (ఉత్తమ పిచర్ బహుమతి) తీసుకున్నాడు, ఈఆర్‌ఏ 2.27. 2018లో జేకబ్ డిగ్రామ్ 10-9తో తీసుకున్నాడు, ఈఆర్‌ఏ 1.70. తన జట్టు పరుగులు చేయకపోతే పిచర్ ఏం చేస్తాడు?

మన పిచర్లకి ఎఫ్‌ఐపీ (ఫీల్డింగ్‌తో సంబంధం లేకుండా పిచర్‌ని కొలిచే లెక్క) వాడదామని ఎవరైనా అంటే ఆపండి. అందులో హోమ్ రన్‌కి 13, వాక్‌లకీ బంతి తగిలినవాటికీ 3, స్ట్రైకవుట్‌కి మైనస్ 2 వేసి ఇన్నింగ్స్‌తో భాగించి ఒక స్థిరాంకం కలుపుతారు. కంచె లేనిచోట హోమ్ రన్ కూడా ఫీల్డింగ్ మీదే ఆధారపడుతుంది, ఫీల్డింగ్‌ని తీసేయడానికి పుట్టిన లెక్క అక్కడ తలకిందులవుతుంది. దాని బదులు ఇది చాలు: స్ట్రైకవుట్లలోంచి వాక్‌లు, బంతి తగిలినవి తీసేసి, ఎదుర్కొన్న మొత్తం బ్యాటర్లతో భాగించండి. పక్కన ఈఆర్‌ఏ బదులు ఇచ్చిన మొత్తం పరుగులు రాయండి, ఎర్రర్ గొడవ పోతుంది. మొదటి బంతి స్ట్రైక్ శాతం కూడా రాయగలిగితే బంగారం.

క్యాచర్ గురించి మీరు అడగలేదు గానీ, మన స్థాయిలో జట్టు పరుగులు ఎక్కువ పోయేది అక్కడే. వైల్డ్ పిచ్, పాస్డ్ బాల్ (క్యాచర్‌ని దాటిపోయిన బంతులు) రెండూ కలిపి ఇన్నింగ్స్‌కి ఎన్నో రాయండి. పాప్ టైమ్ ఫోన్ స్టాప్‌వాచ్‌తో తీయొచ్చు: బంతి మిట్‌లో పడ్డ చప్పుడు నుంచి సెకండ్ బేస్ దగ్గర గ్లౌజ్‌లో పడేదాకా. మేజర్ లీగ్‌లో అది 2 సెకన్లు. ఒక్కో క్యాచర్‌కి కనీసం ఆరు త్రోలు తీసి, మధ్య విలువ తీసుకోండి. నొక్కే వేలు ఆలస్యమైనా తేడా వస్తుంది, అందుకే ఒకటి రెండు త్రోలు చూసి తేల్చకూడదు.

గుంటూరు_డగౌట్

అందరికీ ధన్యవాదాలు. అడిగినవి తీశాను.

ఆర్‌బీఐ: ఎ వచ్చినప్పుడు బేస్‌ల మీద మొత్తం 31 మంది, 14 మందిని చేర్చాడు. బి వచ్చినప్పుడు 12 మంది, తన పరుగు తీసేస్తే 4.

మంచి పిచర్ల మీద: ఎ 18 సార్లు వచ్చి 6 సార్లు చేరాడు, అన్నీ హిట్లే. బి 14 సార్లు వచ్చి 4 సార్లు చేరాడు, అందులో వాక్ ఒకటే. హోమ్ రన్ కంచె లేని గ్రౌండ్‌లోదే.

నల్లరేగడి_ఇన్‌ఫీల్డ్

చూశారా, తొమ్మిదిలో ఎనిమిది వాక్‌లు అదుపులేని పిచర్లవి. జోన్‌లో వేసేవాళ్ల మీద ఎ 0.333, బి 0.286.

బెజవాడ_స్కోర్‌బుక్

ఇన్‌ఫీల్డ్ అన్నా, 18లో 6, 14లో 4. బి ఇంకొక్కసారి చేరి ఉంటే 0.357 అయ్యేది, ముందుకి వచ్చేసేవాడు. దాని మీద తీర్పు చెప్పలేం. పైగా అదే గుంపుని ఇటు నుంచి చూడండి. అదుపులేని పిచర్ల మీద బి 26 సార్లలో 8 వాక్‌లు, ఎ 22 సార్లలో 1. జోన్ బయట బంతులు వేస్తున్నవాళ్ల దగ్గర కూడా ఎ వాక్ తీసుకోలేదంటే, చెడ్డ బంతుల వెంటపడుతున్నాడన్నమాట. కాలేజీ పిచర్ వేసిన చెడ్డ బంతి మెత్తగా వస్తుంది, తగులుతుంది, బీటల్లో పడి హిట్ అవుతుంది. ఇంటర్ వర్సిటీ పిచర్ కావాలని బయట వేసే కర్వ్ తగలదు. నష్టం ఇద్దరికీ ఉంది, ఒక్క బి కే కాదు.

ఇప్పుడు అంకెల్ని మధ్యకి లాగుదాం. చిన్న లెక్కకి జట్టు సగటుని కొంత కలపడం పద్ధతి. జట్టు ఆన్ బేస్ 0.380 అనుకుని 60 అవకాశాలు కలిపితే, ఎ: (14 + 22.8)/100 = 0.368. బి: 0.418. మీ జట్టు అసలు సగటు అక్కడ పెట్టుకోండి. 60 అన్నది నా అంచనా, 40 పెట్టినా 100 పెట్టినా వరస మారదు, దూరం మారుతుంది.

అదే వోబాలో చేస్తే, హోమ్ రన్ హోమ్ రన్‌గానే ఉంచినా తేడా 0.083 నుంచి 0.033కి దిగుతుంది. 1.2తో (వోబాని పరుగుల్లోకి మార్చే అంకె) భాగించి 40తో గుణిస్తే 1.1 పరుగులు. పది మ్యాచ్‌లకి బి బ్యాట్‌తో తెచ్చే లాభం నిజంగా ఇంతే. మేజర్ లీగ్ సర్దుబాటులో షార్ట్‌స్టాప్‌కి పూర్తి సీజన్‌కి +7.5 పరుగులు, లెఫ్ట్ ఫీల్డ్‌కి −7.5. పదిహేను పరుగుల తేడాని పది మ్యాచ్‌లకి కుదిస్తే 0.9. అంటే ఇద్దరూ దాదాపు సమానం.

ఆర్‌బీఐ లెక్కలో ఎ 45 శాతం, బి 33 శాతం. ఎ కి ఇది నిజమైన మంచి మాట, కాకపోతే బి ది 12 మంది మీదే కదా.

మంగళగిరి_మిట్

స్కోర్‌బుక్ గారూ, ఆ 7.5 మన దగ్గర చాలదు. మేజర్ లీగ్‌లో షార్ట్‌స్టాప్ గాయపడితే మైనర్ లీగ్ నుంచి ఇంకో నిఖార్సయిన షార్ట్‌స్టాప్ వస్తాడు. మనకి లెఫ్ట్ ఫీల్డ్‌లో క్రికెట్ ఆడే కుర్రాణ్ని నిలబెట్టినా ఎగిరిన బంతి పట్టేస్తాడు. షార్ట్‌స్టాప్‌లో నిలబెడితే గ్రౌండర్ తీసి, కాళ్లు సర్దుకుని, ఫస్ట్ బేస్‌కి ఒక్క ఊపులో విసరలేడు. 'తేలిగ్గా దొరికేవాడు' అన్న ఆలోచనని వార్ నుంచి తీసుకుని, అంకె మాత్రం మీ జట్టు నుంచి పెట్టుకోండి. డగౌట్ గారూ, జాబితాలో ఇప్పటికే ఎంతమంది షార్ట్‌స్టాప్‌లు ఉన్నారు?

గుంటూరు_డగౌట్

ఒక్కడే. అతనే అవసరమైతే పిచింగ్ కూడా చేస్తాడు. అవుట్‌ఫీల్డర్లు అయిదుగురు.

మంగళగిరి_మిట్

అయితే ఎ. మీ షార్ట్‌స్టాప్ పిచింగ్‌కి వెళ్లిన ప్రతి ఇన్నింగ్స్‌లో ఆ చోటు ఖాళీ. ఆరో అవుట్‌ఫీల్డర్ డగౌట్‌లో కూర్చుంటాడు. ఎ ని మాత్రం నాలుగో నంబర్లో పంపకండి, 0.350 ఆన్ బేస్‌తో ఎనిమిదో నంబర్ సరిపోతుంది.

బెజవాడ_స్కోర్‌బుక్

ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. బి ఇన్‌ఫీల్డ్ ఆడగలడేమో ఎవరూ చూడలేదు కదా? సంతకాలు పెట్టేముందు ఒక పొద్దున ఇద్దరినీ షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టి చెరో 20 గ్రౌండర్లు కొట్టండి: 8 నేరుగా, 6 ఎడమకి, 6 కుడికి. కొట్టేవాడు ఒక్కడే ఉండాలి, బంతులు ఒకే రకం ఉండాలి. ఎండ ముదరకముందే, ఏడింటికల్లా మొదలుపెట్టండి, రెండోవాడు అలిసిపోయి నష్టపోకుండా పదేసి చొప్పున మార్చండి. బ్యాట్ చప్పుడు నుంచి ఫస్ట్ బేస్ గ్లౌజ్‌లో పడేదాకా టైమ్ తీయండి. మామూలు రన్నర్ 90 అడుగులు 4.3 సెకన్ల చుట్టూ పరిగెత్తుతాడు, అంతలోపు చేరినవే అవుట్లు. రెండు కాలమ్‌లు చాలు: శుభ్రంగా తీశాడా, సమయానికి చేర్చాడా.

నల్లరేగడి_ఇన్‌ఫీల్డ్

కుడివైపు ఆరు బంతులూ ఆఖర్న కొట్టించండి. షార్ట్‌స్టాప్ కాని వాడు అక్కడే దొరికిపోతాడు, బ్యాక్‌హ్యాండ్‌లో బంతి తీసినా విసిరేటప్పుడు వెనక కాలు ఆనదు, త్రో ఫస్ట్ బేస్ ముందు నేలకి తగులుతుంది. నేలని ముందురోజు సాయంత్రం తడిపి రోలర్ వేయించండి, లేకపోతే మీరు కొలిచేది కుర్రాళ్లని కాదు, బీటల్ని.